పలక వెనక మొహం

మొన్న నాచారంలో మా బ్యాంకులో ఒక చిన్నపిల్ల మీద అరిచాను. చిన్నపిల్ల అంటే అక్కడ ఉద్యోగం చేసే అమ్మాయి, ఇరవై మూడో ఇరవై నాలుగో ఉంటాయి. లైన్లో ఉన్నవాళ్ళందరూ తలలు తిప్పి చూశారు. సెక్యూరిటీ ఆయన లోపలికి వచ్చి, నన్ను చూసి, ముసలమ్మే కదా అనుకుని మళ్ళీ బయటికి వెళ్ళిపోయాడు.

ఏడాదికోసారి మేము బతికే ఉన్నామని పింఛను ఇచ్చేవాళ్ళకు రుజువు చూపాలి. ఇదివరకు వెళ్ళి ఒక సంతకం పెడితే అయిపోయేది. ఇప్పుడు ఫోను మొహం ముందు పెడుతున్నారు. అది మనల్ని కాసేపు చూసి, మనం మనమేనని ఒప్పుకోవాలి. నా ముందు నా వయసామె ఒకావిడ కూర్చుంది. ఆవిడ కుడి చెంప మీద పాత కాలిన మచ్చ, కంటి కింద నుంచి దవడ దాకా. ఫోను ఆవిడను ఒప్పుకోవడం లేదు. ఆ అమ్మాయి ఫోనును పైకి పెట్టి, కిందికి పెట్టి, కిటికీ దగ్గరికి తీసుకుపోయి, చివరికి, "అమ్మా, ఆ చెంప కనవడకుంట జర అటు తిరుగున్రి" అంది.

అంతే. నా నోట్లోంచి ఏం వచ్చిందో నాకే సరిగా గుర్తులేదు. ఆమె మొఖం ఆమెది, నీ ఫోనుకు సూసుడు రాకపోతే ఆమె దాచుకోవాల్నా అని అన్నట్టు గుర్తు. ఆ అమ్మాయి బిత్తరపోయింది. ఆ మచ్చ ఉన్నావిడ మాత్రం నా వైపు తిరిగి నెమ్మదిగా, "నీకేమైందమ్మా, గంత కోపానికొచ్చినవ్? పొద్దుగాల సంది ఆ పిల్ల నా కోసం మస్తు తిప్పలు వడ్తుంది" అంది. ఆ మాట అంటుండగానే ఫోను ఆవిడను ఒప్పుకుంది. ఇద్దరూ నవ్వుకున్నారు. నేను తల దించుకుని నా వంతు కోసం కూర్చున్నాను.

నా వంతు వచ్చింది. ఫోను నన్ను మొదటిసారికే ఒప్పుకుంది. రెప్ప కొట్టేలోపు ఆకుపచ్చ గుర్తు వచ్చేసింది. అది చూసి నాకు ఒళ్ళు ఇంకా మండింది. ఇంటికి వచ్చి అన్నం కూడా సరిగా తినలేదు. ఆ కోపం బ్యాంకు అమ్మాయి మీది కాదు. అది నాకు నాలుగో తరగతిలో రావలసింది. అప్పుడు రాలేదు. ఇన్నేళ్ళు ఆలస్యంగా, ఏ పాపమూ తెలియని పిల్ల మీదికి వచ్చింది.

అప్పటి నాచారం వేరు. పొద్దున్నే ఫ్యాక్టరీ సైరన్లు ఒకదాని తర్వాత ఒకటి కూసేవి, వాటిని బట్టి అమ్మలు పొయ్యి వెలిగించేవారు. గాలి ఒక వైపు నుంచి వీస్తే కాలుతున్న బిస్కెట్ల వాసన, ఇంకో వైపు నుంచి వీస్తే మందుల ఫ్యాక్టరీ ఘాటు. మా నాన్న ఒక ఫ్యాక్టరీలో ఫిట్టరు. జనగామ దిక్కు ఊరి నుంచి, ముందు ఇక్కడి పాస్టరుగారి చుట్టరికం పట్టుకుని, తర్వాత ఉద్యోగం పట్టుకుని ఇక్కడికి వచ్చాడు. ఆయన చొక్కాకు నూనె, ఇనుము కలిసిన వాసన ఉండేది. అమ్మ దాన్ని ఎంత ఉతికినా ఆ వాసన పోయేది కాదు, ఆదివారం చర్చికి వేసుకున్న తెల్ల చొక్కాలో కూడా ఉండేది.

నాచారం దాటి ఉప్పల్ వైపు నడిస్తే అంగూరు తోటలు. ఇప్పుడా మాట చెప్తే మా వీధి పిల్లలు నవ్వుతారు. మెట్రో స్తంభాలు ఉన్నచోట, అపార్ట్‌మెంట్లు ఉన్నచోట, వరసగా రాతి కడీలు పాతి, వాటి మీద తీగలు లాగి, తలకు తగిలేంత ఎత్తులో పచ్చటి పందిళ్ళు. ఎండాకాలం పందిరి కిందికి పోతే చల్లగా ఉండేది. గుత్తులు పైనుంచి వేలాడేవి. ఆ గుత్తుల్లో ఎక్కువైన కాయలను చిన్న కత్తెర్లతో కత్తిరించడానికి ఆడవాళ్ళు వచ్చేవారు. పురుగు పట్టకుండా మైలుతుత్తం, సున్నం నీళ్ళలో కలిపి కొట్టేవారు. ఆ మందు ఆకుల మీద నీలంగా ఎండిపోయేది. పనివాళ్ళ చేతులు, కొంగులు, గోళ్ళు అన్నీ నీలమే.

నా దోస్తు వాళ్ళమ్మ ఆ తోటల్లోనే పని చేసేది. నా దోస్తు అని ఊరికే అనడం లేదు, అప్పుడు నాకు ఉన్న ఒకే ఒక్క దోస్తు ఆ పిల్ల. మూడేళ్ళప్పుడు వాళ్ళమ్మ కొంగు పట్టుకుని తోటలో తిరుగుతుంటే, సున్నం ఉడుకుతున్న పీపా పక్కనే ఆడుకుందట. రాయి సున్నం మీద నీళ్ళు పడితే ఎట్లా పొంగుతుందో చూసినవాళ్ళకు తెలుసు. అది ఎగిరి పిల్ల మొహం మీద పడింది. కన్ను దక్కింది, అదే పదివేలన్నారు గాంధీ దవాఖానాలో. ఎడమ చెంప, ముక్కు ఒక పక్క, పై పెదవి కరిగి ఒకదానికొకటి అతుక్కున్నట్టు ఉండేవి. నవ్వితే ఒక పక్కే నవ్వేది. నేను మొదట్లో భయపడ్డాను, అబద్ధమెందుకు. రెండో వారానికి ఆ భయం పోయింది. నెల తిరిగేసరికి ఆమె మొహంలో నాకు ఏ తేడా కనిపించేది కాదు.

ఇద్దరం కలిసి చెయ్యని కోతి పని లేదు. బడి నుంచి వస్తూ తోట కంచె కింద దూరేవాళ్ళం. వాచ్‌మన్ తాత మధ్యాహ్నం అన్నం తిని కునుకు తీసే వేళ ఆమెకు బాగా తెలుసు. పుల్ల కాయలు తిని, నాలుక గరుకెక్కి, మందు నీలం పెదాలకు అంటుకుని దొరికిపోయేవాళ్ళం. అందుకని కాయలు కొయ్యగానే నా గౌనుకు తుడవడం ఆమె పద్ధతి. "నీ గౌను మీ అమ్మ ఉతుకుతది. నా గౌను నేనే ఉతుక్కోవాలె" అనేది. న్యాయమే కదా అని నేనూ ఒప్పుకునేదాన్ని. అమ్మ చేతి దెబ్బలు మాత్రం నాకే.

మా ఇళ్ళలో పెద్దవాళ్ళ మాటల గురించి ఒకటి చెప్పాలి. కోపం వస్తే మా వాళ్ళందరికీ మొదట నోట్లోకి వచ్చేది మొహమే. నీ మొఖం మాడ, నీ మొఖం కాల, నీ మొఖాన మన్ను వొయ్య, ఏం మొఖం వెట్టుకొని వచ్చినవ్. ఎవరూ మనసులో పెట్టుకుని అనేవాళ్ళు కాదు. దగ్గు వచ్చినట్టు వచ్చేవి ఆ మాటలు. మా అమ్మ నన్ను రోజుకు పదిసార్లు అనేది, అంటూనే సర్వపిండి ముక్క తుంచి చేతిలో పెట్టేది. కానీ నీళ్ళ పంపు దగ్గర ఆ మాట వినిపించినప్పుడల్లా నా దోస్తు ఒక్క క్షణం ఆగేది. మాట ఎవరిని అన్నారో చూసుకుని, తనను కాదని తెలిశాక మళ్ళీ బిందె ఎత్తుకునేది. ఆ ఆగడం నేను రోజూ చూశాను. ఎవరితోనూ చెప్పలేదు.

మా బడి నాచారం, ఉప్పల్ మధ్య రేకుల కప్పుతో ఉండేది. బోర్డు మీద ఇంగ్లీష్ మీడియం అని పెద్దక్షరాలు. లోపల ఇంగ్లీషు వచ్చినవాళ్ళు తక్కువే. మా టీచర్‌కు మాత్రం నిజంగానే వచ్చు. కోస్తా నుంచి వచ్చినావిడ, భర్త ఏదో ఫ్యాక్టరీలో ఆఫీసరు. ఉతికి గంజి పెట్టిన చీర, దగ్గరికి వస్తే పౌడరు వాసన. బాగా చెప్పేది. ఇది ఒప్పుకోవడానికి నాకు ఈ రోజుకూ ఒళ్ళు మంటే, కానీ బాగా చెప్పేది. చేతకాని టీచర్ అయి ఉంటే నాకు ఇంత కోపం ఉండేది కాదేమో.

ఆవిడ పద్ధతి డెఫినిషన్లు. ప్రతి పిల్లకూ ఒక ప్రత్యేకమైన నోటుబుక్కు. రోజుకో మాట. తన దగ్గరున్న లావుపాటి నిఘంటువు తెరిచి, ఆ మాటకు ముందు అసలు అర్థం, తర్వాత పోలికతో పుట్టిన అర్థాలు బోర్డు మీద రాసేది. మేము రాసుకుని, బట్టీ పట్టి, మర్నాడు నిలబడి అప్పజెప్పాలి. ఏడాది చివర ఒక పందెం ఉండేది. నోటుబుక్కు మొత్తం తడబడకుండా అప్పజెప్పిన పిల్ల, క్లాసు ఫోటోలో టీచర్ పక్కన కూర్చుని, తరగతి పేరు రాసిన పలక ఒళ్ళో పెట్టుకుంటుంది. అంతకుమించి బహుమతి లేదు. అంతకుమించి మాకు అక్కరా లేదు.

ఒకరోజు వచ్చిన మాట ఫేస్. టీచర్ బోర్డు మీద రాసింది. ఫేస్ అంటే తల ముందు భాగం, నుదుటి నుంచి గడ్డం దాకా. అది అసలు అర్థం. తర్వాత మిగతావి. గడియారానికి ఫేస్ ఉంటుంది. కొండకు ఉంటుంది, ఇంటికి ఉంటుంది. కష్టాన్ని ఎదురుగా నిలబడి చూడడాన్నీ ఫేస్ చెయ్యడమే అంటారు. పదిమందిలో పరువు పోతే ఫేస్ పోయిందంటారు. మేము తలలు వంచి రాసుకుంటున్నాం. నా దోస్తు చెయ్యి ఎత్తింది.

"టీచర్, గడియారానికి కండ్లు లెవ్వు, ముక్కు లేదు. దాన్ని గూడ ఫేసే అంటరా?"

కొందరు నవ్వారు. టీచర్ నవ్వలేదు. "అంటారమ్మా. మనవైపు తిరిగి మనకేదైనా చెప్పే వైపు ఏదైనా సరే, దాన్ని ఫేస్ అనే అంటారు" అంది. ఎంత చక్కగా చెప్పింది. ఆ మాట నాకు ఇప్పటికీ నోటికి వస్తుంది. ఆవిడ నోటి నుంచే వచ్చింది ఆ మాట, దాన్ని మర్చిపోవద్దు.

ఆ సాయంత్రం తోట పక్కనుంచి నడుస్తూ నా దోస్తు నోటుబుక్కు తెరిచి ఆ పేజీ చూస్తూనే ఉంది. కాలికి రాయి తగిలినా చూసుకోలేదు. చివరికి అంది, "చూసినవా, ఇంగ్లీష్ల మొఖమంటే ముందటి భాగం, గంతే. మంచిగుండాలె అని ఏడ రాయలే."

నాకు అప్పుడు పూర్తిగా అర్థం కాలేదు. ఊ అన్నాను. ఆమె మాత్రం ఆ పూట నుంచి చదువు మీద పడింది. తీగలు కట్టిన కడీల మధ్య అటూ ఇటూ నడుస్తూ, ఒక్కో కడీ దగ్గర ఒక్కో మాట అప్పజెప్పేది. నేను నోటుబుక్కు పట్టుకుని తప్పులు చూసేదాన్ని. వాళ్ళమ్మ పైన గుత్తులు కత్తిరిస్తూ వినేది. ఒక్క ముక్క అర్థం కాకపోయినా, కూతురు ఆగితే కత్తెర ఆపేది, మళ్ళీ అందుకుంటే కత్తెర కదిలేది.

ఫోటో విషయం వాళ్ళమ్మకు చెప్పిన రోజు నేనూ ఉన్నాను. ఆ ఇంట్లో కూతురి ఫోటో ఒక్కటీ లేదు. చిన్నప్పుడు తీయించే స్తోమత లేదు, తర్వాత ఎవరూ తీస్తామనలేదు. పెళ్ళిళ్ళలో ఫోటోలు తీసే వేళకు ఎవరో ఒకరు ఆ పిల్లను ఏదో పని మీద పంపేవారు. వాళ్ళమ్మ ఇదంతా ఎప్పుడూ అనలేదు. ఆ మర్నాడే గోడకు మేకు కొట్టింది. పందెం ఇంకా నెల రోజులుంది. ఇంకా గెలవలే గదమ్మా అని నా దోస్తు అంటే, మేకు ఉంటే ఫోటో అదే వస్తది అందట.

గెలిచింది. క్లాసులో నిలబడి, చేతులు కట్టుకుని, మొదటి మాట నుంచి చివరి మాట దాకా అప్పజెప్పింది. నేను రెండోదాన్ని, నాకు ఒక్క మాట దగ్గర నోరు తడబడింది. అందుకని నాకు ఆమె పక్క కుర్చీ. టీచర్ చప్పట్లు కొట్టించింది. నాకు సంతోషంగానే ఉంది, కానీ లోపల ఎక్కడో చిన్న ముల్లు ఉంది. దాన్ని కూడా దాచను. ఇంతా చెప్పి ఇది దాస్తే లాభమేముంది?

ఫోటో రోజు లాలాపేట నుంచి ఫోటో ఆయన వచ్చాడు. మూడుకాళ్ళ కర్ర మీద పెట్టె కెమెరా, దాని మీద నల్లగుడ్డ. బెంచీలు బయటికి మోయించి వరసలు పేర్చాడు. నా దోస్తు తెల్ల గౌనులో వచ్చింది. తలకు నూనె పెట్టి, రెండు జడలు వేసి, ఎర్ర రిబ్బన్లు కట్టింది వాళ్ళమ్మ. రెండు చెంపలకూ పౌడరు అద్దింది. కుడి చెంప మీద నిలిచింది. ఎడమ చెంప మీద నిలవలేదు.

టీచర్ వచ్చి చూసింది. ఆగింది. నీళ్ళ పంపు దగ్గర నా దోస్తు ఆగినట్టే, ఒక్క క్షణం. తర్వాత వచ్చి కూర్చుంది. పలక నా దోస్తు ఒళ్ళో ఉంది. ఫోటో ఆయన నల్లగుడ్డలో తల దూర్చాడు.

టీచర్ మెల్లగా, "పలక కొంచెం పైకెత్తమ్మా" అంది. ఎత్తింది. రొమ్ము దాకా వచ్చింది. "ఇంకొంచెం." గడ్డం దాకా వచ్చింది. ఇంకొంచెం అంటే నా దోస్తుకు అర్థం కాలేదు, గడ్డం దగ్గరే ఆపి టీచర్ వైపు చూసింది. అప్పుడు టీచర్ ఆమె వీపు వెనకనుంచి నా వైపు వంగింది. ఆ పౌడరు వాసన నా ముక్కులోకి వచ్చింది.

"నువ్వు కాస్త తన మోచెయ్యి పట్టి ఎత్తమ్మా. ఫోటో కలకాలం ఉంటుంది, పెద్దయ్యాక చూసుకుని తనే బాధపడుతుంది."

నేను ఎత్తాను. ఎందుకు, ఏమిటి అని అడగలేదు. నా చెయ్యి ఆమె మోచెయ్యి కింద పెట్టి, పలక ఆమె నుదుటి దాకా వచ్చేవరకూ ఎత్తాను. రిబ్బన్లు మాత్రం మిగిలాయి.

ఫోటో ఆయన గుడ్డలోంచి తల బయటికి తీశాడు. "టీచరమ్మా, పలక దించుమనున్రి. పాప మొఖం వస్తలేదు." పర్వాలేదు, మీరు తీసెయ్యండి అంది టీచర్. ఆయన ఒకసారి మా వరస చూసి, మళ్ళీ గుడ్డలో తల దూర్చాడు. పలక వెనకనుంచి చిన్నగా, అయిపోయిందా అని అడిగింది. ఇంకా కాలే అన్నాను.

దయ అనుకుని ఉంటుంది టీచర్. ఏ పిల్లా అడగని దయ అది. ఫేస్ అంటే నుదుటి నుంచి గడ్డం దాకా అని బోర్డు మీద రాసిన చెయ్యే, నుదుటి నుంచి గడ్డం దాకా పలక అడ్డం పెట్టించింది. ఆ పిల్ల ఆవిడ ఇచ్చిన మాటను నమ్మింది. అది అందరికీ వర్తించే మాట అనుకుంది. కాదని మొహం మీదే చెప్పినా బాగుండేది. చెప్పలేదు, పలక పట్టించింది, అదీ గెలిచిన పలకను.

రెండు మూడు వారాలకు ఫోటోలు వచ్చాయి. అట్టకు అతికించి, తలా ఒకటి ఇచ్చి ఇంటికి పంపారు. మర్నాడు పొద్దున్న క్లాసు జరుగుతుండగా నా దోస్తు వాళ్ళమ్మ గుమ్మంలోకి వచ్చింది. తోటలోంచి నేరుగా వచ్చింది, చేతులు నీలంగా ఉన్నాయి, గోళ్ళ సందుల్లో సున్నం. కూతురు వెనక నిలబడి ఉంది. చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చి, ఫోటో టీచర్ బల్ల మీద పెట్టింది. వేలితో ఒక్కో వరస తడుముతూ చూపించింది.

"ఇండ్ల నా బిడ్డ ఏది?"

టీచర్ తడబడింది. "పలక పట్టుకుంది కదమ్మా, అదే మీ అమ్మాయి. ముందు వరసలో నా పక్కనే కూర్చోబెట్టాను" అంది.

"నేన్ పలకను గనలే టీచరమ్మా. బిడ్డను గన్న."

టీచర్ మొహం ఎర్రబడింది. పిల్లలన్నాక కదులుతారు, పలక అటూ ఇటూ అవుతుంది అని ఏదో అంది. వాళ్ళమ్మ ఆవిడను వదిలేసి నా వైపు తిరిగింది. మా ఇంటికి వచ్చినప్పుడల్లా నాకు కొంగులో అంగూరు మూటగట్టి తెచ్చే మనిషి.

"నువ్వు పక్కపొంటే ఉన్నవ్ గద బిడ్డా. గా పలక ఎవరు లేపిన్రు?"

టీచర్ నన్ను చూస్తోంది. క్లాసంతా నన్ను చూస్తోంది. నా దోస్తు మాత్రం నన్ను చూడలేదు, నేల చూస్తోంది. నాకు తెలుసు ఏం చెప్పాలో. రెండే మాటలు. నేను లేపిన, టీచర్ లేపమంది. అవి నోట్లోకి రాలేదు. "ఆమెనే లేపింది" అన్నాను.

నా దోస్తు అప్పుడు తలెత్తింది. నా వైపు ఒక్కసారి చూసి, వాళ్ళమ్మ వైపు తిరిగి, "అవునమ్మా, నేనే లేపిన" అంది.

నన్ను కాపాడింది. తొమ్మిదేళ్ళ పిల్ల. కానీ ఆ మాటకు వాళ్ళమ్మ మొహంలో ఏం జరిగిందో నేను చూశాను. అప్పటిదాకా కోపంగా ఉన్న మనిషి, ఒక్కసారిగా ఏమీ లేకుండా అయిపోయింది. టీచర్ దాచిందంటే పోట్లాడేది. కూతురే దాచుకుందంటే ఎవరితో పోట్లాడుతుంది? ఫోటో తీసుకుని కొంగు కింద పెట్టుకుంది. కూతురి చెయ్యి పట్టుకుంది. గుమ్మం దగ్గర ఆగి, ఎవరి వైపూ చూడకుండా, "సిగ్గువడుడు నేర్పే బడి మాకద్దు" అంది. వెళ్ళిపోయారు. నా దోస్తు ముందురోజు వదిలిపోయిన డెఫినిషన్ల నోటుబుక్కు బల్ల మీదే ఉండిపోయింది.

ఇంటికి వచ్చి అమ్మకు అంతా చెప్పాను. ఎత్తింది నేనేనని కూడా చెప్పాను. అమ్మ రొట్టెలు చేస్తోంది. చెయ్యి ఆపింది. టీచరమ్మతోని మనకెందుకు పెట్టుకునుడు, నీ పేరు తీసేస్తే ఏడికి పోతవ్ అంది. వాళ్ళింటికి పోయి చెప్పొస్తా అంటే వద్దంది. ఆ సాయంత్రం ప్రార్థనలో మాత్రం ఆ పిల్ల కోసం చాలాసేపు కళ్ళు మూసుకుని ప్రభువును వేడుకుంది. నేనూ కళ్ళు మూసుకున్నాను. రెండు సందుల అవతల ఉన్న ఇంటికి వెళ్ళడం కంటే అది తేలిక. అమ్మ పోయి చాలా ఏళ్ళయింది, ఆ ఒక్క విషయంలో ఆమె మీద కూడా నాకు కోపం పోలేదు.

నా దోస్తు కత్తెర పట్టుకుని తోటకు వెళ్ళడం మొదలుపెట్టింది. నేను ఆ దారి మానేసి, ఫ్యాక్టరీల వెనక నుంచి చుట్టూ తిరిగి బడికి వెళ్ళేదాన్ని. కొన్నేళ్ళకు తోటలు పోయాయి. తీగలు నరికి కుప్పలు పోసి కాల్చారు, కడీలు పీకి లారీల్లో వేసుకుపోయారు, ముగ్గు పోసి ప్లాట్లు గీశారు. తోటలవాళ్ళు ఎవరెటు పోయారో తెలియలేదు. దమ్మాయిగూడ వైపు పోయారని కొందరు, కాప్రా అని కొందరు. నేను గట్టిగా వెతికానని చెప్పను.

నాకు ఉద్యోగం వచ్చిన కొత్తలో ఒకసారి ఉప్పల్ బస్టాపులో కనిపించింది. చేతిలో టిఫిన్ డబ్బా, భుజాన సంచి. మొహానికి ఏ అడ్డమూ లేదు, తలెత్తి బస్సు బోర్డులు చదువుతోంది. నేను చూసీ చూడగానే కొంగు తల మీదుగా లాగి మొహం కప్పుకున్నాను. అడుగుల చప్పుడు నా దగ్గరికి వచ్చి ఆగింది.

"కొంగు తియ్యి. నేను గుర్తువట్టిన."

తీశాను. ఎండగా ఉందే, అందుకని అన్నాను. నా నోటికి అబద్ధం అలవాటైపోయింది. "అవ్, మస్తు ఎండ ఉంది" అంది. ఒక పక్కతో నవ్వింది. బస్సు వచ్చింది, ఎక్కింది, కిటికీ దగ్గర కూర్చుని నా వైపు తిరిగి చూస్తూనే వెళ్ళింది. ఇల్లెక్కడ అని కూడా అడగలేదు నేను. ఆ తర్వాత మళ్ళీ కనిపించలేదు.

బ్యాంకు నుంచి వచ్చిన రోజు బీరువా అడుగున ఉన్న ఆ ఫోటో బయటికి తీశాను. టీచర్ కుర్చీలో చక్కగా నవ్వుతోంది. నేనూ నవ్వుతున్నాను, పక్కనున్న పిల్ల మోచెయ్యి కింద నా వేళ్ళు స్పష్టంగా కనిపిస్తున్నాయి. ఇన్నేళ్ళలో ఆ వేళ్ళు ఎవరూ గమనించలేదు. మా పిల్లలు అడిగితే, పలక పట్టుకున్న పిల్ల సిగ్గుపడి దాక్కుంది అని చెప్పాను. ఒకసారి కాదు, అడిగినప్పుడల్లా చెప్పాను.

అట్ట వెనక టీచర్ గుండ్రటి అక్షరాల్లో వరసలవారీగా అందరి పేర్లూ రాసింది. ముందు వరసలో తన పేరు, తర్వాత ఒక చిన్న అడ్డగీత, తర్వాత నా పేరు. ఆ గీత ఉన్నచోట పేరు రాయడానికి కూడా ఆవిడకు చెయ్యి రాలేదు. ఆ గీతను ఇన్నేళ్ళు చూశాను, నా చెయ్యీ రాలేదు.

మొన్న రాశాను. బాల్‌పెన్ను తీసుకుని, ఆ గీత మీదే, నా దోస్తు పేరు పూర్తిగా, ఇంటిపేరుతో సహా రాశాను. ఆ పేరు ఇక్కడ మాత్రం రాయను. ఒకసారి ఆమెను అడగకుండా పదిమందిలో ఆమె మీద మాట పెట్టాను, ఇంకోసారి ఆమెను అడగకుండా ఆమె పేరు వాడుకోను. కానీ దాని పక్కనే నా పేరు ఉంది. దానికి కూడా మూడు మాటలు కలిపాను, అవి నావే కాబట్టి ఇక్కడ చెప్పవచ్చు.

పలక లేపింది ఈమె.